ఎలుకలకు బావ పంపిన దణ్ణం

ఎలుకలకు ఈత పరీక్షలు పెట్టి జీతం తీసుకున్నవాణ్ణి నేను. నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకేం పట్టింపు లేదు. మా మామగారు బతికున్నన్నాళ్ళూ నవ్వారు. చీపురుపల్లి సంతలో ఎవరైనా ఆయన్ని ఆపి "అల్లుడేటి సేస్తన్నాడు?" అని అడిగితే, కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నాడని చెప్పి ఊరుకోవచ్చు కదా. ఊరుకునేవారు కాదు. "ఎలకల్ని తొట్లో పడేసి, అయి ఎలగ ఒడ్డెక్కుతన్నాయో గడియారం పట్టుకుని సూస్తాడు. దానికి గవర్మెంటోడు జీతం ఇస్తాడు" అని సంతంతా వినేట్టు చెప్పేవారు.

రిటైరయ్యాక అప్పుడప్పుడు కుర్ర పరిశోధకులు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాస్త మొహమాటపడి, "సార్, మీ సర్వీసులో మీరు కనిపెట్టింది ఏమిటి?" అని అడుగుతారు. నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. నేను చేసిన పని నాకంటే ముందే చాలామంది చేశారు, నాకంటే బాగా చేశారు. కానీ చూసింది ఒకటి ఉంది. ఒక మెదడు దారి తప్పిపోయి, మళ్ళీ దారి వెతుక్కోవడం కళ్ళారా చూశాను. సూక్ష్మదర్శినిలో కాదు, సముద్రం మీద, పడవ అంచు పట్టుకుని కూర్చుని చూశాను. అది మీకు చెబుతాను.

మా పరిశోధన సీసం మీద. సీసం ఒంట్లోకి వెళితే మెదడుకు ఏమవుతుంది, ఉసిరికాయ లాంటివి పెడితే ఆ దెబ్బ తగ్గుతుందా అన్నది ప్రశ్న. ఒంటికి కాల్షియం కావాలి కాబట్టి దాన్ని రానివ్వడానికి లోపల తలుపులుంటాయి. సీసం అచ్చం కాల్షియంలా నటించి ఆ తలుపుల్లోంచే దూరుతుంది. రక్తంలోకి, ఎముకల్లోకి, చివరికి మెదడులోకి. మెదడేమో క్షణం ఆగకుండా ఆక్సిజన్ మండించుకునే కొంప, పైగా కొవ్వు ఎక్కువ. సీసం చేరాక ఆ మంట అదుపు తప్పి రవ్వలు లేస్తాయి, కణాల గోడలు పాడవుతాయి. యాంటీఆక్సిడెంట్లంటే ఆ రవ్వలకు అడ్డం పడి, తాము పాడై, కణాన్ని కాపాడేవి. ఇంత చెప్పినా క్లాసులో పిల్లల ముఖాలు ఖాళీగా ఉంటే, "కోసిన ఆపిల్ ముక్క నల్లబడకుండా మీ అమ్మ నిమ్మకాయ పిండదూ, అదేరా" అనేవాణ్ణి. అప్పుడు తలలూపేవారు. ఊపినవాళ్ళందరికీ అర్థమైందని నేనెప్పుడూ అనుకోలేదు.

మెదడు బాగుందో లేదో ఎలుకను అడగలేం కదా. అందుకే తొట్టి. రొయ్యపిల్లలు పెంచేవాళ్ళు వదిలేసిన గుండ్రటి పెద్ద తొట్టి ఒకటి తెప్పించి, నీళ్ళు పోసి, పాలపొడి కలిపేవాళ్ళం. ఆ తెల్లటి నీళ్ళలో, పైకి కనబడకుండా, ఒకచోట చిన్న పీట ఉంటుంది. ఎలుకకు ఈత వచ్చు, కానీ నీళ్ళంటే ఇష్టం ఉండదు. వదిలితే అటూ ఇటూ కొట్టుకుని చివరికి కాళ్ళకు పీట తగిలితే ఎక్కి నిలబడుతుంది. మర్నాడు వదిలితే కొంచెం త్వరగా వెళుతుంది. కొన్నాళ్ళకు ఏ వైపు నుంచి వదిలినా సరే, తిన్నగా వెళ్ళి పీట ఎక్కేస్తుంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. పీట కనబడదు. నీళ్ళన్నీ ఒకేలా ఉన్నాయి. మరి దానికెలా తెలిసింది? గది చూసి తెలిసింది. క్యాలెండరు ఎటుంది, బీరువా ఎటుంది, కిటికీ ఎటుంది, వాటికి ఎంత ఎడంలో పీట ఉంది, అన్నీ లెక్క కట్టుకుంటుంది. ఉసిరికాయలో సగం కూడా లేని మెదడులో మా గది మొత్తం పటం గీసుకుంటుంది. ఆ పని చేసే భాగం సముద్రంలో దొరికే గుర్రపు చేప ఆకారంలో ఉంటుందని దానికి ఆ చేప పేరే పెట్టారు, హిప్పోకాంపస్ అని. ఎన్నేళ్ళు చూసినా నాకది పాతబడలేదు. తెల్లటి నీళ్ళలో ఎలుక తల తిప్పి పీట వైపు సాగిన ప్రతిసారీ లోలోపల ఓలమ్మో అనుకునేవాణ్ణి.

ఎలుకల గది అటెండరు సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబంవాడు. శ్రీకాకుళం తీరంలో పుట్టి కూడా పడవెక్కితే వాంతులు చేసుకునే మనిషి. సముద్రం పడక ఎలకల్లోకి వచ్చానని తనే చెప్పుకునేవాడు. పరీక్ష జరిగినంతసేపూ తొట్టి పక్కన, కిటికీ దగ్గర, ఎప్పుడూ ఒకేచోట నిలబడి ఉండేవాడు. ఒకరోజు ఎండ మొహాన కొడుతోందని అవతలి పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. ఆ పూట బంగారం లాంటి ఎలుకలు, ఏ విషమూ తినని ఆరోగ్యమైన ఎలుకలు, అన్నీ తప్పుడు చోటుకు వెళ్ళి అక్కడే గిరగిరా తిరిగాయి. తొట్టి కడిగించాను, నీళ్ళు మార్పించాను, పీట జరిగిందేమోనని మోచేతుల దాకా చేతులు ముంచి వెతికాను. చివరికి తేలిందేమిటయ్యా అంటే, వాటికి క్యాలెండరూ కాదు, బీరువా కాదు, ఈ మహానుభావుడే గుర్తు. అతనికి ఇంత ఎడంలో పీట ఉంటుందని నేర్చుకున్నాయి. గుర్తు నడిచి వెళ్ళిపోతే పాపం అవి మాత్రం ఏం చేస్తాయి?

"ఎలకలకి నానే కొండనైపోనానండి" అని కాలేజీ అంతా చెప్పుకు తిరిగాడు. అప్పట్లో ఆ మాట నాకు సరిగ్గా అర్థం కాలేదు. కొండేమిటి మధ్యలో అనుకున్నాను.

సీసం కలిపిన నీళ్ళు తాగిన ఎలుకల తీరు వేరు. అవి తొట్టి మధ్యకే వచ్చేవి కావు. గోడ రాసుకుంటూ అంచు వెంబడే తిరిగేవి. నిన్న ఎక్కిన పీట ఇవాళ గుర్తుండదు. సీసంతోపాటు ఉసిరి రసం కూడా తాగినవి వాటికంటే మేలు, తడబడుతూ ఎలాగో చేరేవి. సీసం పూర్తిగా ఆపేసి ఉసిరి ఇచ్చినవి ఇంకా బాగా తేరుకునేవి. అయినా ఏ సీసమూ ఎరగని ఎలుకలంత చురుగ్గా మాత్రం కాదు. మా పరిశోధన సారమంతా ఈ నాలుగు ముక్కలే.

ఒక ఏడాది ఉసిరి రసం తగ్గిపోవడం మొదలైంది. సాయంత్రం ఫ్రిజ్‌లో పెట్టినంత పొద్దున ఉండేది కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా ఇంట్లో ఎవర్ని అడిగినా చెబుతారు. అటెండర్ని పిలిచి కేకలేశాను.

"మా బావకి పోస్తన్నానండి" అన్నాడు.

"ఎలకల కోసం తీసింది మనిషికి పోస్తావా? బుద్ధుందా నీకు? రేపు ఏమైనా అయితే?"

"ఏటవుతాదండి, ఉసిరే గదా." అని, ఉన్నట్టుండి గొంతు మార్చాడు. "మా అప్ప మొగుడండి. ఆడి సంగతి బాగోనేదు. అన్న మాటే మళ్ళీ అంటన్నాడు. సెయ్యి వణుకుతన్నాది. మొన్న రాళ్ళ కాడికి తీసుకెల్తానని పడవ తీసి, పొద్దల్లా ఒడ్డు ఎంబడే అటూ ఇటూ తిప్పినాడంట. కుర్రోళ్ళు పడవ దింపీసినారు. తాగుడన్నారు, గాలి సోకిందన్నారు. మా బావ తాగడండి. అచ్చం మన సీసం ఎలకలాగ తిరుగుతన్నాడు. ఆటికి ఉసిరితో నయమైనాది గదా అని..."

కేకలు మాని, కుర్చీ లాక్కుని, ఆ రాళ్ళ సంగతి మొదట్నుంచీ చెప్పించుకున్నాను.

రాళ్ళంటే ఏమిటో మీకు చెప్పాలి. సముద్రం అడుగున అక్కడక్కడ రాళ్ళ గుట్టలుంటాయి, చేప అక్కడ చేరుతుంది. పైనుంచి చూస్తే నీళ్ళే. ఒడ్డు మీద చెట్టో గోపురమో వెనకనున్న కొండతో ఒకే వరసలోకి వచ్చేలా పడవ నడుపుతారు. ఇంకోవైపు అలాంటిదే మరో జత వరసలోకి వచ్చిందంటే ఆ చోటే రాళ్ళున్నట్టు. ఇప్పటి కుర్రాళ్ళకు ఫోన్లలో దారి చూపించే ఏర్పాట్లు వచ్చాయి. కానీ ఆ బావకు తండ్రి చూపించిన రాళ్ళ గుట్ట ఏ ఫోన్లోనూ లేదు, అతని తలలోనే ఉంది. అది తెలిసినవాడనే పడవలో అతనికి చోటు, మాటకు విలువ. అది పోతే మనిషి ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ కూర్చోవాల్సిందే. కనబడని పీట కోసం గది చూసుకునే ఎలుకకీ, కనబడని రాళ్ళ కోసం కొండలు చూసుకునే మనిషికీ తేడా ఏముంది? అటెండరు తనను కొండ అని ఎందుకన్నాడో అప్పుడు వెలిగింది నాకు.

ఆ ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసుకలో బోర్లా ఉన్నాయి, ఊరంతా వలల పనిలో ఉంది. అటెండరు నన్ను తిన్నగా అప్ప, అంటే వాళ్ళ అక్క, ఇంటి వెనక వంటపాకలోకి తీసుకెళ్ళాడు. పొయ్యి మీద ఇనప మూకుడు, అందులో వెండిలా మెరుస్తూ ఏదో కరుగుతోంది. పాక నిండా పొగ. పక్కనే అన్నం గిన్నె. బావ, అందరూ బావ అంటుంటే నాకూ అదే అలవాటైపోయింది, ఆ కరిగినదాన్ని ఇసుకలో గీసిన చిన్న గాళ్ళలో పోస్తున్నాడు. చల్లారిన ముక్కను వల తాడుకు చుట్టి, నోట్లో పెట్టి, పళ్ళతో గట్టిగా నొక్కాడు.

"ఏమిటది?" అన్నాను.

"సీసం గుళ్ళు మేస్టారూ. వల అడుక్కి దిగాలి గదా."

"పళ్ళతో ఎందుకు? పట్టకారు లేదా?"

"పట్టకారికేటి తెలుస్తాది? ఎక్కువ నొక్కితే తాడు తెగుతాది. పన్నయితే సెప్తాది ఎంత నొక్కాలో." అని నవ్వాడు. చిగుళ్ళ అంచున నీలంగా గీత ఉంది. సీసం ఒంటికెక్కినవాళ్ళకు పడుతుందని పుస్తకాల్లో చదివి, పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పిన గీత. అంతవరకు నిజంగా చూసింది లేదు.

తర్వాత తెలిసిన సంగతి ఇది. ఆ ఊళ్ళో ఒక పట్టింపు ఉంది. కొత్త వలకు కట్టే సీసం బయటెక్కడా కరగకూడదు, అన్నం ఉడికే పొయ్యి మీదే కరగాలి, అప్పుడే ఆ వల ఇంటికి అన్నం పెడుతుందని. మిగతా ఇళ్ళవాళ్ళు పొగకు కళ్ళు మండుతున్నాయని ఒక్కొక్కరే మానుకుని, తమ వలల సీసం కూడా ఈ ఇంటి పొయ్యికే పంపడం మొదలుపెట్టారు. బావ చెయ్యి మంచిదని పేరు. పాత బ్యాటరీలు పగలగొట్టి తెచ్చిన సీసం అంతా ఏళ్ళ తరబడి ఆ ఒక్క పాకలో కరిగింది.

నా గదిలో సీసం మందు పుర్రె బొమ్మ వేసి, తాళం పెట్టిన బీరువాలో ఉంటుంది. గ్లౌజులు లేకుండా ఎవర్నీ ముట్టనివ్వను. ఇక్కడ అదే సీసం మనిషి పళ్ళ మధ్య ఉంది. నేను దాన్ని ఉమ్మించి, నోరు కడిగించి, మూకుడు దింపించి, ఏదేదో అరిచాను. అటెండరు నా వెనకే నిలబడి బిత్తరపోయి చూస్తున్నాడు.

"మనం ఎలకలకి కలిపే తెల్ల పొడుము, ఇదీ ఒకటేనేటండి? పేరొకటే అని తెలుసు గాని, అది కంపినీ ఇసం గదా అనుకున్నాను. ఇది మా తాతల కాడినుంచి ఇంట్లో ఉన్నాది."

"ఒకటేనయ్యా" అన్నాను. అతను పొయ్యి పక్కనే చతికిలబడిపోయాడు.

విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తపరీక్ష చూసి అక్కడి డాక్టరు, "ఇంత సీసం పెట్టుకుని ఈయన నడిచే వచ్చాడా?" అన్నారు. చేర్చుకున్నారు. సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపే మందులు విడతలు విడతలుగా ఇచ్చారు. అప్పకూ పరీక్ష చేశారు, ఆవిడ ఒంట్లోనూ ఉంది గానీ తక్కువ. ఉసిరి సంగతి నేనే కాస్త సిగ్గుపడుతూ అడిగాను. "తిననివ్వండి, మంచిదే. కానీ అది మందు కాదు. ముందు ఇంట్లో సీసం ఆగాలి. అది ఆగకుండా మీరెన్ని ఉసిరికాయలు పెట్టినా వృథా" అన్నారాయన. మా ఎలుకలు చెప్పిందీ అదే.

అప్ప మాటకారి కాదు. ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చుని ఒక్కటే అడిగింది. "సీసం ఆపీసి, ఈ మందులేసుకుంటే, ఆడి బుర్ర ఎప్పట్లాగ తిరిగొస్తాదేటి బాబూ?"

ఎలుకల్లో అయితే చెప్పగలను. కొన్నాళ్ళు ఉసిరి ఇచ్చి, తొట్టిలో చూసి, ఆ తర్వాత మెదడు తీసి, పలచగా కోసి, రంగు అద్ది చూస్తే కణాలు ఎంత నిలిచాయో కనబడుతుంది. మనిషి విషయంలో ఏం చెప్పను? "చూద్దామమ్మా" అన్నాను. ఆవిడకు ఆ మాట చాల్లేదని నాకు తెలుసు.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. కాస్త ఓపిక రాగానే బావ మూకుడు తీశాడు. కొత్త వల కట్టినవాళ్ళు గుమ్మంలో నిలబడితే కాదనలేకపోయాడు. అప్ప పొయ్యికి అడ్డంగా నిలబడిందట.

"వల నీది. పడవ నీది. సముద్రం నీదే అనుకో. పొయ్యి నాది. దీని మీద ఇంక అన్నమే ఉడుకుతాది."

"ఊరోళ్ళేటంటారే?"

"నువ్వు సముద్రం మీద దారి తప్పినప్పుడు ఊరోళ్ళు ఏటన్నారో అదే అంటారు."

పొయ్యి పోయిందని బావ ఒడ్డున రాళ్ళు పేర్చుకుని కరిగించబోయాడు. అప్పుడు అటెండరు చేసిన పని నేను చెప్పింది కాదు, అతనికే తోచింది. బావను బస్సెక్కించి తిన్నగా మా ఎలుకల గదికి తీసుకొచ్చాడు.

ముందు ఒక మంచి ఎలుకను వదిలాం. అది చక్కా వెళ్ళి పీట ఎక్కింది. బావ తొట్టి అంచు పట్టుకుని వంగి చూశాడు. నీళ్ళలోకి కాదు. తలెత్తి గోడలకేసి, కిటికీకేసి చూశాడు.

"దీనికి కొండ ఏదండి?" అన్నాడు.

నా సర్వీసులో ఎందరో పెద్దలు వచ్చి ఆ తొట్టి చూశారు. తాపీగా బొమ్మలు గీసి వివరిస్తే గానీ సంగతి అందేది కాదు. నాకు చాలా సంతోషమేసింది. బీరువా చూపించాను, క్యాలెండరు చూపించాను. అటెండరు ఊరుకుంటాడా, ఛాతీ విరుచుకుని "నానే పెద్ద కొండని బావా" అని, తను పక్కకు జరిగితే ఎలుకలన్నీ తప్పిపోయిన కథ చెప్పాడు. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు.

తర్వాత సీసం తాగిన ఎలుకను వదిలాం. అది గోడ దగ్గరికి వెళ్ళింది. అంచు వెంబడే తిరిగింది. పీట పక్కనుంచే పోయింది, తెలుసుకోలేదు. మళ్ళీ తిరిగింది. బావ నవ్వు ఆగిపోయింది. దాన్నే చూస్తూ, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"తీసీండి మేస్టారూ. దాన్ని తీసీండి. అలిసిపోతన్నాది."

అటెండరు ఎలుకను తీసి గుడ్డతో తుడిచి బావ చేతుల్లో పెట్టాడు. బావ చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత అతను సీసం ముట్టలేదు. ఊళ్ళో వలలకు ఇప్పుడు కాల్చిన మట్టి గుళ్ళు కడుతున్నారు, కొంతమంది ఇనప గొలుసు కడుతున్నారు. అవి సీసమంత బాగా దిగవని గొణుగుతూనే కడుతున్నారు.

ఏడాది పైన గడిచింది. మందుల విడతలు అయిపోయాయి. బొబ్బిలి సంతలో ఉసిరి బాగుంటే నేను సంచీడు పంపేవాణ్ణి. అప్ప కొన్ని పచ్చివే తినిపించేది, కొన్ని ఉప్పులో ఊరేసేది. ఆ ఉసిరికి బావ బతికిపోయాడని నేను చెప్పను. ఎంతవరకు మందు, ఎంతవరకు ఉసిరి, ఎంతవరకు అప్ప కాపలా అంటే నా దగ్గర జవాబు లేదు. చెయ్యి ఇంకా కొంచెం వణుకుతూనే ఉంది. అన్న మాట మళ్ళీ అనడం తగ్గింది, పూర్తిగా పోలేదు. కానీ పడవెక్కుతానని పట్టుబట్టాడు.

పడవ పెత్తనం ఇప్పుడు ఒక కుర్రాడిది. చెడ్డవాడు కాదు, నలుగురి ప్రాణాలు చూసుకోవాల్సినవాడు. "ఒక్కపాలి సూపించమనండి. రాళ్ళు దొరికితే ఎప్పట్లాగే కూకుంటాడు. దొరక్కపోతే ఇంక అడగొద్దు" అన్నాడు. బావ సరేనన్నాడు. అప్ప ఒడ్డున నిలబడి మా వైపు చూడకుండా కొంగు మెలిపెడుతోంది. నేనూ అటెండరూ కూడా ఎక్కాం. అతను ఎక్కీ ఎక్కగానే అంచు పట్టుకుని తలకాయ బయట పెట్టేశాడు.

ఎండ పొద్దు, గాలి పెద్దగా లేదు. బావ ముందు నిలబడి చెయ్యి ఊపుతూ దారి చెబుతున్నాడు. గోపురాన్ని రెండు మూపుల కొండతో వరసలోకి తెచ్చాడు. చాలాదూరం పోయాక, "ఆపు. ఇక్కడే. రాయి ఎయ్యండి" అన్నాడు. లోతు చూడ్డానికి తాడుకు కట్టిన రాయిని వదిలారు. తాడు జారింది, జారింది, అలా జారుతూనే ఉంది. అడుగున ఇసకే. కొంచెం జరిపించి మళ్ళీ వేయించాడు. మళ్ళీ ఇసకే. పడవ అక్కడే గుండ్రంగా తిరిగింది. మూడోసారీ అంతే. కుర్రాడు జేబులోంచి ఫోన్ తీశాడు. నాకు అప్ప అడిగిన ప్రశ్న చెవుల్లో మోగింది. అయిపోయింది, తిరిగి రాలేదు అనుకున్నాను.

అప్పుడు తట్టింది. జీవితమంతా ఎలుకల్ని చూసిన కళ్ళు కదా. సీసం తిన్న ఎలుక అంచు వెంబడి తిరుగుతుంది, దానికి ఒక చోటంటూ ఉండదు. ఈ మనిషి అలా తిరగడం లేదు. ఒకేచోటును పట్టుకుని దాని చుట్టూనే వెతుకుతున్నాడు. అలా వెతికింది సీసం ఎలుకలు కావు. అటెండరు పక్కకు జరిగినరోజు మా మంచి ఎలుకలు వెతికిన పద్ధతి అది. మెదడు సరిగ్గానే ఉంది, గుర్తే కదిలింది.

"బావా! రెండో జత ఏమిటి? దేన్ని చూస్తున్నావు?" అని అరిచాను. పడవలో అందరూ ఉలిక్కిపడ్డారు.

"మొండి తాడి మేస్టారూ. దాన్ని గండి కొండ మధ్యకి తెచ్చినాను."

అంచు మీద వేలాడుతున్న అటెండరు తల పైకెత్తాడు. మూతి తుడుచుకున్నాడు. "ఏ మొండి తాడి బావా? అది తుపానుకి పడిపోనాది గదా. నువ్వు పట్నం ఆసుపత్రిలో ఉన్నావు అప్పుడు. నువ్వు సూస్తన్నది దాని అవతలిది."

కుర్రాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఫోన్లు వచ్చాక ఒడ్డున ఏ చెట్టుందో ఏ చెట్టు లేదో వాళ్ళు చూసుకోలేదు. బావ ఒడ్డుకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత కళ్ళు మూసుకున్నాడు. లోపల ఆ గుర్రపు చేప, హిప్పోకాంపస్, ఏం చేస్తోందో నాకు తెలుసు. పడిపోయిన చెట్టును తీసుకెళ్ళి దాని చోట మళ్ళీ నిలబెడుతోంది.

"పాత ఐసు ఫేక్టరీ గోడ. దానికి కుడేపు, నాలుగు పడవలు పెట్టినంత ఎడంలో ఉండీది మొండి తాడి" అన్నాడు కళ్ళు తెరిచి. "ఒరే, దక్షిణం తిప్పు. ఇంకా. ఇంకా తిప్పరా. ఆపు."

రాయి వేశారు. తాడు జారింది. సగం కూడా జారకుండానే ఠక్కున ఆగి, వదులై నీళ్ళ మీద తేలింది.

"తగిలింది! తగిలిందిరోయ్!" కుర్రాడు ఫోన్ వదిలేసి తాడు పట్టుకుని గెంతాడు. అటెండరు ఏడుస్తున్నాడో వాంతి చేసుకుంటున్నాడో తెలియలేదు, రెండూ అనుకుంటాను. ఏళ్ళ తరబడి సీసం కాల్చిన మెదడు అది. అందులో ఎక్కడో ఆ రాళ్ళ గుట్ట అలాగే ఉంది. ఎవరూ చెరపలేదు. లేని చెట్టును కూడా దాచిపెట్టి ఉంచుకుంది. దేవుడి మహిమ అంటారో, కణాల మహిమ అంటారో మీ ఇష్టం. నేను మాత్రం ఆ నీళ్ళకేసి, ఆ మనిషికేసి చూస్తూ ఓలమ్మో అని ఈసారి పైకే అన్నాను.

బావ వచ్చి తన పాత చోట్లో కూర్చున్నాడు. ఒడ్డు దగ్గర పడుతుంటే, అప్ప చిన్నగా కనబడుతుంటే, నా వైపు తిరిగాడు.

"మేస్టారూ, మీ ఎలకలకి నా దణ్ణాలని సెప్పండి."

వేళాకోళం కాదు. చేతులు జోడించాడు. నేను తలూపాను. అతను చేతుల్లో పట్టుకున్న ఎలుక, కొండ ఏదని అడిగిన ఎలుక, ఏవీ లేవు. పరీక్ష అయ్యాక వాటి మెదళ్ళు కోసి, గాజు పలకల మీద పెట్టి, నేనే చూశాను. ఆ సంగతి అతనికి చెప్పలేకపోయాను.

మర్నాడు కాలేజీ తెరవగానే ఎలుకల గదికి వెళ్ళాను. లోపల ఉన్నవి కొత్త ఎలుకలు, వాటికి బావెవరో తెలియదు. అటెండరు మేత వేస్తున్నాడు. నేను గుమ్మంలో తచ్చాడుతుంటే చూసి, "సెప్పీండి మేస్టారూ, మనం తప్ప ఎవుళ్ళూ నేరు" అన్నాడు.

చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాను. చేతులు జోడించి, బావ పంపిన దణ్ణం బావ మాటల్లోనే చెప్పాను. ఒక ఎలుక ముందుకాళ్ళు ఊచల మీద ఆనించి నన్ను చూసింది. నేను దాని కళ్ళలోకి చూడలేకపోయాను. అటెండరు నవ్వలేదు. చేతిలో మేత డబ్బా కింద పెట్టి, అతను కూడా దణ్ణం పెట్టాడు.